విమల ఆంటీ సారా పంపు

మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గరున్న నోవైలో గ్రాండ్ రివర్ రోడ్డు మీద ఒక చిన్న గ్యాస్ స్టేషన్ ఉంది. మన పెట్రోలు బంకే, ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు. మూడు పంపులు, పక్కన రెండు కార్లు పట్టే షెడ్డు, అంతే. 1978 వసంతంలో దాన్ని విమలకుమారి లీజుకి తీసుకుంది. చీర మీద మోకాళ్ళ దాకా వేలాడే మందపాటి కోటు, కాళ్ళకి మగవాళ్ళ మంచు బూట్లు, చెవులు మూసేలా ఉన్ని మఫ్లరు. ఆ వేషంలో ఆవిడ పంపు గొట్టం పట్టుకుని నిలబడితే రోడ్డు మీద పోయే కార్లు కాస్త నెమ్మదించేవి. నవ్వుకుంటూ చూసినవాళ్ళలో చాలామంది తర్వాత ఆవిడ దగ్గరే గ్యాస్ కొట్టించుకున్నారు. మిగతావాళ్ళ సంగతి నాకనవసరం.

మేమంతా విమల ఆంటీ అనేవాళ్ళం. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి వచ్చిన మనిషి. ఇక్కడ ఆ డిగ్రీని ఎవరూ లెక్కచెయ్యలేదు, మళ్ళీ మొదటినుంచీ చదవమన్నారు. ఒకసారి చదివింది చాలు, ఇప్పుడు పని కావాలంది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి తిరుగుతున్న నాకు ఆ మాట తెగ నచ్చింది. మా అమ్మ మాత్రం, ఆవిడ డిగ్రీ చేతికొచ్చాక ఆ మాట అంది, నువ్వు రాకముందే అంటున్నావు అని తీసిపారేసింది. అదీ నిజమే.

ఆంటీ భర్త రత్నరాజు గారు కాకినాడ పాలిటెక్నిక్‌లో చదివి, డెట్రాయిట్ వైపు ఒక ఇంజన్ల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవారు. భార్య గ్యాస్ కొడుతోందంటే ఆయనకి చిన్నతనం. ఎవరైనా అడిగితే మా ఆవిడ బిజినెస్‌లో ఉందనేవారు. ఏ బిజినెస్సో చెప్పేలోపు మాట మార్చేసేవారు. స్టేషన్ ముందునుంచి పోవాల్సి వచ్చినా పక్క రోడ్డున తిరిగి వెళ్ళేవారు. షెడ్డులో పనిచేసేది స్టాన్ అనే పోలిష్ మెకానిక్. పాత యజమాని కాలం నుంచి అక్కడే ఉన్నాడు. ఆంటీని "బాస్" అని పిలిచేవాడు, మొదట్లో వెక్కిరింపుగా, తర్వాత మామూలుగా.

1979లో గ్యాస్ కరువు వచ్చింది. స్టేషన్ల ముందు కార్లు బారులు తీరేవి. ఆంటీ స్టేషన్ స్థలం, ట్యాంకులు, పంపులు అన్నీ బ్రెనన్ అనే హోల్‌సేలర్‌వి. గ్యాస్ పంపేదీ అతనే, లీజు ఇచ్చిందీ అతనే. అతను పంపే కోటా నెలాఖరు దాకా సరిపోయేది కాదు. అప్పుడే గ్యాసొహాల్ అన్న మాట మొదలైంది. తొమ్మిది పాళ్ళు గ్యాస్, ఒక పాలు మొక్కజొన్న నుంచి తీసిన ఆల్కహాల్. కావాలంటే అది పంపుతానన్నాడు బ్రెనన్. ఆంటీ సరేనంది. ఆ శరదృతువులో మూడో పంపు మీద గ్యాసొహాల్ బోర్డు వేలాడింది.

ఇక్కడే మా జనం సంగతి చెప్పాలి. మాది తెలుగు క్రైస్తవ సంఘం. ట్రాయ్‌లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ప్రతి ఆదివారం ఆరాధన. అందరూ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. సండేస్కూల్ వయసులోనే మద్యం ముట్టబోమని మాట ఇచ్చి పెరిగినవాళ్ళు. అది ఉత్త ఆచారం కాదు. సారా ఇళ్ళు ఎలా కూలుస్తుందో వాళ్ళ వీధుల్లో వాళ్ళు చూశారు. విమల ఆంటీ మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కూడా. అలాంటి మనిషి మద్యం కలిసిన గ్యాస్ అమ్ముతోందనేసరికి మొదట జోకులు పుట్టాయి. బండికి తాగించి మనం డ్రైవ్ చేస్తే పోలీసు ఎవరికి జరిమానా టికెట్ ఇస్తాడని ఒకరు, ఇంటికొచ్చాక బండి మూతి వాసన చూడాలని ఒకరు. మూడో పంపుకి సారా పంపు అని పేరు పడిపోయింది. అయినా గ్యాస్ దొరకని రోజులు కదా, జోకులు వేస్తూనే అక్కడే నింపుకున్నారు.

చలి ముదిరాక జోకులు ఆగిపోయాయి, ఎందుకంటే కార్లు ఆగిపోయాయి.

ఫ్రీవే ఎక్కేదగ్గర యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒకసారి దగ్గి, నీరసంగా ఒక ఊపు ఊగి, చచ్చేది. నాదీ చచ్చింది. నాదంటే ఎలాగూ చచ్చేదే, అది కారు అనిపించుకోడానికే కష్టపడేది. కానీ సంఘంలో మంచి బళ్ళు కూడా ఆగాయి. 1980 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా సంఘపెద్ద దైవాశీర్వాదం గారి పొడుగాటి స్టేషన్ వేగన్ కారు భార్యా పిల్లలతో సహా ఫ్రీవే అంచున మంచులో నిలిచిపోయింది. బేస్‌మెంట్ తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఆయన బళ్ళు లాగే టో ట్రక్ ఎక్కి వచ్చేదాకా సంఘమంతా పార్కింగ్‌లో కార్లలో హీటర్లు పెట్టుకుని కూర్చుంది. దైవాశీర్వాదం గారు హాస్పిటల్లో ఎక్స్‌రే టెక్నీషియన్, చాలా పద్ధతి మనిషి, ఎప్పుడూ కోపం రాదు. ఆ రోజు వచ్చింది. ప్రార్థన అయ్యాక నిలబడి, దేవుని పిల్లల బళ్ళలో సారా పోస్తే దేవుడు ఆపడా అని అడిగారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఆ మాట దావానలంలా పాకింది. ఆ నెలలోనే రత్నరాజు గారి ఉద్యోగం పోయింది. అప్పట్లో డెట్రాయిట్ చుట్టూ అందరికీ పోతున్నవే, ఆయనది ప్రత్యేకమేమీ కాదు. కానీ దాంతో ఇంటికి ఆ స్టేషన్ ఒక్కటే ఆధారమైంది. సరిగ్గా అప్పుడే స్టేషన్‌కి కార్లు రావడం మానేశాయి. తెలుగువాళ్ళే కాదు, అమెరికన్లు కూడా. చీర కట్టుకున్నావిడ గ్యాస్ మంచిది కాదట అని పేరు పడింది. అది మూడో పంపుకే పరిమితం కాలేదు. పంపుల్ని ఎవరు వేరుచేసి చూస్తారు?

బ్రెనన్ వచ్చాడు. మొహమాటం లేని మనిషి. లీజు 1982 వసంతం దాకా ఉంది, ఈలోగా ఈ స్టేషన్ పేరు బాగుపడితే సరి, లేకపోతే ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఇది జరగని పని, మూడో పంపు మూసేస్తే నీకే మంచిదని సలహా కూడా ఇచ్చాడు. స్త్రీల సమాజం వాళ్ళూ అదే అన్నారు, కాకపోతే ప్రార్థన చేసి మరీ అన్నారు. పంపు మూసెయ్యి, లేకపోతే అధ్యక్షపదవి వదిలెయ్యి.

ఆంటీ పదవి అక్కడికక్కడే వదిలేసింది. పంపు మాత్రం మూయనంది. మూస్తే తప్పు దానిదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది, అప్పుడు మిగతా రెండు పంపుల దగ్గరికీ ఎవరూ రారు. అంతకన్నా పెద్ద కారణం, తప్పు ఎవరిదో ఆవిడకి ఇంకా తెలియదు. తెలియకుండా శిక్ష వేయడం ఆవిడ వల్ల కాదు.

ముందు నా కారు పట్టుకుంది. బళ్ళన్నిట్లోకీ అది కొత్తగా పాడయ్యే ప్రమాదం లేనిది. స్టాన్ చేత ఫ్యూయల్ ఫిల్టర్ ఊడదీయించి తెల్ల కాగితం మీద తట్టించింది. కాఫీ పొడిలాంటి ముద్ద రాలింది. తుప్పు, ఎండిన జిగురు. గ్యాస్ ట్యాంకు లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త అది. ఉత్త గ్యాస్ దాని జోలికి పోదు. ఆల్కహాల్ ఊరుకోదు, కడిగేస్తుంది. కడిగిన చెత్త వచ్చి ఫిల్టర్లో అడ్డం పడుతుంది, ఇంజన్‌కి గ్యాస్ అందదు.

తర్వాత రబ్బరు గొట్టాలు. రకరకాల కార్ల పాత గొట్టాలు, వాషర్లు ముక్కలు కోసి, ఖాళీ పచ్చడి సీసాల్లో గ్యాసొహాల్ పోసి అందులో వేసింది. షెడ్డు కిటికీలో ఆ సీసాల వరస చూసి, బాస్ ఏదో ఊరగాయ పెడుతోందని స్టాన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కొన్ని వారాలకి కొన్ని ముక్కలు రాత్రంతా నానిన శనగల్లా ఉబ్బాయి, గోరు పెడితే దిగింది. కొన్ని రకాలు మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ఏ గొట్టం మార్చాలో, ఏది అక్కర్లేదో తేలింది. ఇక్కడొక మాట. గ్యాసొహాల్ అమృతమని నేను చెప్పటం లేదు. పాత బళ్ళకి అది నిజంగానే చెడు చేసింది. మైలేజీ కూడా కాస్త తగ్గింది. ఆంటీ కూడా ఆ మాట ఎవరి దగ్గరా దాచలేదు.

ఇంకా ఒకటి తేలలేదు. ఫిల్టర్లు, గొట్టాలు శుభ్రంగా ఉన్న కొత్త కార్లు ఎందుకు ఆగాయి?

ఆవిడ ఒక సీసాలో గ్యాసొహాల్ పోసి, కాసిని నీళ్ళు కలిపి, ఊపి, బయట మంచులో పెట్టింది. వెచ్చటి షెడ్డులో కలిసిపోయినట్టే కనిపించిన ద్రవం చలికి విడిపోయింది. పైన గ్యాస్, అడుగున నీళ్ళూ ఆల్కహాల్ కలిసిన పొర. అది చూసి ఆంటీ స్టాన్‌ని కొలకర్ర తెమ్మంది. భూమిలో ఉన్న ట్యాంకులో గ్యాస్ ఎంత ఉందో చూడ్డానికి రోజూ దింపే కర్రే అది. దాని చివర నీరు తగిలితే ఎర్రగా మారే పేస్టు ఒకటుంటుంది, అది రాసి దింపారు. పైకి తీస్తే జానెడు ఎరుపు.

మూడో పంపు ట్యాంకు అడుగున నీళ్ళు. మూత దగ్గర సందులోంచి ఎన్నేళ్ళుగానో దిగిన వాన, కరిగిన మంచు. ఉత్త గ్యాస్ అమ్మిన రోజుల్లో ఆ నీళ్ళు అడుగునే పడి ఉన్నాయి, ఎవరికీ తెలియలేదు. ఆల్కహాల్ వచ్చి వాటిని తాగింది, చలికి కక్కింది, పంపు ఆ కక్కినదాన్ని తోడి జనం కార్లలో పోసింది. గ్యాస్ ఎంతుందో రోజూ కొలిచిన ఆంటీ నీళ్ళున్నాయేమోనని ఒక్కసారీ చూడలేదు.

స్టాన్ లోకం తెలిసినవాడు. గుట్టుగా తోడి పారేద్దాం, అడిగితే సరుకు అలా వచ్చిందని బ్రెనన్ మీద తోసేద్దాం అన్నాడు. ఇంటికెళ్తే రత్నరాజు గారూ అదే అన్నారు. సారా అమ్మావన్న పేరు చాలదా, నీళ్ళు కలిపావన్న పేరు కూడా కావాలా అన్నారు. మన ఊళ్ళ వైపు పాలలో నీళ్ళు కలిపినవాడికి ఏ గౌరవం ఉంటుందో ఆయనకి తెలుసు. చెబితే స్టేషన్ పోయినట్టే.

మా ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్తారు. ఆ ఆదివారం విమల ఆంటీ లేచింది. సారా వ్యాపారం మానేస్తున్నానని పశ్చాత్తాపపడుతుందనే అందరూ అనుకున్నారు. ముందు వరసలో ఒకావిడ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

"నా సాక్ష్యం గ్యాస్ ట్యాంకు గురించి," అంది ఆంటీ. "ఆల్కహాల్‌కి ఒక గుణం ఉంది. అది మురికి పెట్టదు, ఉన్న మురికిని కదిలిస్తుంది. మీ బళ్ళ ట్యాంకుల్లో ఏళ్ళనాటి తుప్పుంది. అది కదిలి అడ్డం పడింది. అది మీది. నా ట్యాంకు అడుగున నీళ్ళున్నాయి. నేను చూసుకోలేదు. అవి మీ బళ్ళలోకి వచ్చాయి. అది నాది. దేవుడు ఎవరి బండీ ఆపలేదు. నేను ఆపాను. నన్ను క్షమించండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. దేనికి ఆమెన్ అనాలో తెలియలేదు మరి.

దైవాశీర్వాదం గారు మెల్లగా, "ఇది సాక్ష్యమా అమ్మా, మెకానిక్ క్లాసా?" అన్నారు.

"రెండూనండీ అన్నయ్యగారూ. బండి ఉన్నవాళ్ళకి రెండూ కావాలి. ప్రతి శనివారం షెడ్డుకి తీసుకురండి. ఫిల్టర్లు, గొట్టాలు నేను మారుస్తాను. మీ దగ్గర ఏమీ తీసుకోను."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కాదు. కానీ నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది, చర్చిలో కొట్టరని ఊరుకున్నాను.

చెప్పినంత మాత్రాన జనం మారిపోలేదు. తన నోటితో తనే ఒప్పుకుందిగా అన్నవాళ్ళే ఎక్కువ. కానీ ఉచితమంటే మనవాళ్ళు వస్తారు. శనివారాలు ఒకరూ ఇద్దరూ రావడం మొదలైంది. ఈలోగా ఆంటీ ట్యాంకు మొత్తం తోడించి, ఎండబెట్టించి, మూత మార్పించింది. ఆ రోజునుంచీ పొద్దున్నే స్టేషన్ తెరవగానే పేస్టు రాసి కొలకర్ర దింపడం, చివర చూపుడువేలితో తడిమి చూడడం, అప్పుడే పంపు తాళం తీయడం. జ్వరం వచ్చిన రోజు కూడా ఆ పని స్టాన్‌కి అప్పగించలేదు.

శుభ్రమైన బళ్ళు కూడా యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తటపటాయించేవి. అది ఆంటీకి అంతుపట్టలేదు. ఒకరోజు నా కారులో ఇంజన్‌కి గ్యాసూ గాలీ కలిపి అందించే కార్బురేటర్ ఊడదీయించి ఇంటికి పట్టుకెళ్ళి, డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి పెట్టి, ఇది తొక్కితే తడబడుతోంది, ఎందుకో నాకు తెలియదు అని మాత్రం భర్తకి చెప్పి స్టేషన్‌కి వచ్చేసింది. ఉద్యోగం పోయినప్పటినుంచీ రత్నరాజు గారు గడ్డం గీసుకోవడం కూడా మానేశారు. సాయంత్రం ఆవిడ వెళ్ళేసరికి గడ్డం ఇంకా అలాగే ఉంది కానీ, కార్బురేటర్ ముక్కముక్కలుగా విడిపోయి, కడిగి, వరసగా పేర్చి ఉంది.

"విమలా, దీనికి ఆకలెక్కువ," అన్నారట. "ఆల్కహాల్ కలిసిన గ్యాస్ అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ కావాలంటుంది. వడ్డించే గరిటె చిన్నదైపోయింది. గ్యాస్ చిమ్మే ఈ జెట్ బెజ్జం వెంట్రుకవాసి పెంచాలి."

మర్నాడు ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని, పక్క రోడ్డున తిరక్కుండా నేరుగా గ్రాండ్ రివర్ మీదుగా స్టేషన్‌కి వచ్చారు. ఆరోజు నేనక్కడే ఉన్నాను. ఆంటీ ఆయనకి కోటు తగిలించుకునే మేకు చూపించింది. అంతే. ఆ తర్వాత ఆయన ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు. ఆయన జెట్ సరిచేసిన బండి తొక్కగానే ఎలా దూకేదంటే, ఇంతకాలం ఇంజన్లు కాగితం మీద గీసి ఈయన జీవితం వృథా చేసుకున్నాడని స్టాన్ తేల్చేశాడు. నా కారు కూడా కారులా నడిచింది. అది నేను చూసిన అద్భుతాల్లో ఒకటి.

ఆ తర్వాతి చలికాలం ఒక్క బండీ ఆగలేదు. పోయిన కార్లలో కొన్ని తిరిగి వచ్చాయి. కానీ బ్రెనన్ లొంగలేదు. ఒక మంచి చలికాలం లెక్కలోకి రాదు, మెత్తటి చలి అది అన్నాడు. లీజు కోసం ఇంకో ఇద్దరు అప్పటికే అతని చుట్టూ తిరుగుతున్నారు. దైవాశీర్వాదం గారూ లొంగలేదు. శనివారం ఒక్కసారి కూడా రాలేదు. వేరే చోట గ్యాస్ కొట్టించుకునేవారు, ఎదురుపడితే మాత్రం మర్యాదగా వందనాలు చెప్పేవారు. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ కాలేది.

అలా 1982 జనవరి వచ్చింది. లీజుకి ఇంకొన్ని వారాలే ఉన్నాయి.

ఆ జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం నుంచి గాలి మారింది. ఆదివారం పొద్దుటికి చలి సున్నాకి ఎంతో కిందకి దిగిపోయింది. ఊపిరి తీస్తే ముక్కులో వెంట్రుకలు పటపటమనేవి. మిషిగన్ అంతటా కార్లు మొరాయించాయి. సగం బ్యాటరీలు చచ్చి. వాటి సంగతి వేరు, వాటికి ఏ గ్యాసూ మందు కాదు. మిగతావి ఫ్యూయల్ లైన్లు గడ్డకట్టి. గ్యాస్‌లో ఎక్కడో ఉన్న నాలుగు నీటి చుక్కలు సన్నటి గొట్టంలో మంచుబిరడాలా బిగుసుకుంటాయి, ఇక గ్యాస్ అందదు. గ్యాసొహాల్‌లో ఉన్న ఆల్కహాల్ ఆ చుక్కల్ని ముందే తనలో కలిపేసుకుంటుంది. నాలుగు చుక్కలైతే మోస్తుంది, బిందెడైతే వదిలేస్తుంది. అందుకే ఆంటీ తన దగ్గరికొచ్చే ప్రతివాడికీ ట్యాంకు సగం కంటే దిగనివ్వొద్దని నూరిపోసింది. ఖాళీ ట్యాంకు లోపల చెమట పడుతుంది, ఆ చెమటే నీళ్ళు.

నేను తాళం తిప్పాను. నా కారు, ఏ రోజూ ఒక్క పిలుపుకి పలకని నా కారు, పలికింది.

పొద్దున్నే ఆంటీ స్టాన్‌కి స్టేషన్ అప్పగించడానికి వచ్చింది. స్టాన్ శనివారం సాయంత్రమే తన క్యాథలిక్ చర్చిలో మాస్‌కి వెళ్ళొస్తాడు కాబట్టి ఆదివారం పూట అతనే చూసుకునేవాడు. మా అమ్మని ఎక్కించుకుని చర్చికి పోతూ నేనూ అక్కడ ఆగాను. ఆమె, రత్నరాజు గారు ట్రాయ్‌కి బయల్దేరబోతుంటే, రోడ్డు మీద ఒక మనిషి మొహమంతా శాలువా చుట్టుకుని నడిచొస్తున్నాడు. దైవాశీర్వాదం గారు. వాళ్ళిల్లు అక్కడికి దగ్గరే కానీ, ఆ చలిలో దగ్గర కూడా దూరమే. కనుబొమల మీద మంచు పేరుకుంది. ఆయన్ని షెడ్డులో హీటరు ముందు కూర్చోబెట్టారు. బండి స్టార్ట్ కావటం లేదు, తాళాలు తన దగ్గరున్నాయి, ఈ చలిలో జనం వచ్చి బయట నిలబడితే చచ్చిపోతారు. ఇదీ ఆయన గోడు. చలికాలంలో గ్యాస్ ట్యాంకులో పోసే చిన్న పసుపు సీసా ఒకటుంటుంది, అది ఎప్పుడూ పోసేవాణ్ణి, ఈసారి ఏ షాపులోనూ లేదు, మీ దగ్గర ఉందేమోనని వచ్చానన్నారు.

షెల్ఫులో ఆఖరిది ఒకటుంది. ఆంటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. డబ్బులు తీస్తుంటే, ముందు దాని మీద ఏముందో చదవండన్నయ్యగారూ అంది.

ఆయన కళ్ళజోడు మంచుపట్టి ఉంది. తుడుచుకుని, సీసా దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివారు. చదివి మళ్ళీ చదివారు.

"ఆల్కహాల్," అన్నారు.

"ఊఁ."

"నేనిది ఈ దేశం వచ్చినప్పటినుంచీ పోస్తున్నాను."

"తెలుసండీ. స్టేషన్ పాత యజమాని దగ్గర మీరే ఎక్కువ కొనేవారట. స్టాన్ చెప్పాడు."

అంతలో దైవాశీర్వాదం గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వు. ఆయన నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వి, శాలువాతో తుడుచుకుని, "అయితే నా బండి ఈ సంఘంలో అందరికన్నా పాత తాగుబోతు," అన్నారు. తెలుగు రాని స్టాన్ కూడా నవ్వాడు.

సీసా ఇప్పుడు పోసినా వెంటనే ప్రయోజనం లేదు, బండిని వెచ్చటి చోటికి లాగాలి, అది తర్వాత చూద్దాం అంది ఆంటీ. ఆయన్ని తన కారులో ఎక్కించుకుంది. అమ్మతో నేను నా కారులో వెనకే వెళ్ళాను. దారి పొడుగునా ఫ్రీవే అంచుల్లో కార్లు ఇంజన్ మూతలు ఎత్తుకుని నిలబడి ఉన్నాయి, నోళ్ళు తెరిచిన చేపల్లాగ. ఆంటీ ముందు సీట్లో, సంఘపెద్ద పక్క సీట్లో, ఇంజన్ల డ్రాఫ్ట్స్‌మన్ వెనక సీట్లో. ఆ బండి ఎక్కడా ఒక్క దగ్గు దగ్గలేదు.

ట్రాయ్‌లో పార్కింగ్ లాట్ సగం ఖాళీ. వచ్చిన బళ్ళని నేను ఒక్కొక్కటే చూస్తూ నడిచాను. ప్రతిదీ శనివారం షెడ్డుకి వచ్చిన బండే. ప్రతిదీ మూడో పంపుదే. రానివాళ్ళ ఫోన్లు చర్చి ఆఫీసులో మోగుతూనే ఉన్నాయి. నా గ్యాస్ లైన్ పోయింది, నాదీ పోయింది, ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా అని. దైవాశీర్వాదం గారు తాళాలు తీసి, హీటరు వేయించి, ఆరాధన గంట వాయిదా వేశామని చెప్పి, తిరగ్గలిగిన బళ్ళన్నిటినీ జనాన్ని తేవడానికి పంపించారు. పంపుతూ ఆయనే ప్రతి బండి కిటికీ దగ్గరా వంగి, ట్యాంకు సగం పైన ఉందా అని అడుగుతున్నారు. ఆంటీ పక్కన నిలబడి చేతులు రుద్దుకుంటోంది. చెవులు కప్పిన మఫ్లరు లోంచి మొహం కొంచెమే కనబడుతోంది కానీ, ఆ కొంచెంలో ఉన్న వెలుగు చాలు.

ఆరాధన మొదలయ్యేసరికి బేస్‌మెంట్ నిండిపోయింది.

మధ్యాహ్నం మేం తిరిగొచ్చేసరికి గ్రాండ్ రివర్ మీద ట్రాఫిక్ జామ్. యాక్సిడెంట్ అనుకున్నాం. కాదు. వీధి వీధిలో గ్యాసొహాల్ బళ్ళు స్టార్టయ్యాయని, మిగతావి కాలేదని పొద్దుటినుంచీ పాకిపోయింది. మూడో పంపు ముందు కార్ల బారు స్టేషన్ దాటి, పక్క ఫర్నిచర్ షాపు దాటి, సిగ్నల్ దాకా నిలబడింది. కరువు రోజుల్లో తప్ప అలాంటి బారు నేను చూడలేదు. స్టాన్ ఒక్కడే పరిగెడుతున్నాడు, మీసాల మీద మంచు. రత్నరాజు గారు బండి పూర్తిగా ఆగకముందే దిగిపోయారు. మంచి సూటు మీదే పని కోటు వేసుకుని రోడ్డు మీదకొచ్చి, అందరికీ కనబడేలా చేతులూపుతూ కార్లని లోపలికి పంపడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్ళెవరో కిటికీ దించి, ఏంటండీ ఇక్కడ అని అడిగితే, మా ఆవిడ గ్యాస్ స్టేషన్ ఇది, తెలియదా అన్నారు. ఆంటీ చీర కుచ్చిళ్ళు బూట్లలోకి దోపి గొట్టం అందుకుంది. నేనూ ఒక గొట్టం అందుకున్నాను. చేతివేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆ చలిని ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు వేడెక్కుతుంది.

సోమవారం పొద్దున బ్రెనన్ ఫోన్ చేశాడు. మూడో ట్యాంకు ఖాళీ అయిందని అతనికి అప్పటికే తెలిసిపోయింది. అతని మిగతా స్టేషన్ల వాళ్ళంతా గ్యాసొహాల్ కావాలని ఉదయాన్నే మీదపడ్డారట. లీజు కాగితాలు ఈ వారమే తెస్తాను, ఈసారి పదేళ్ళకి రాసుకుందాం అన్నాడు. ఆంటీ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పదేళ్ళకైతే రెండో పంపు కూడా గ్యాసొహాల్‌కి మార్చాలంది. అతను సరేనన్నాడు. ఇప్పుడు ఎన్ని ట్యాంకర్లు పంపమంటావని అడిగాడు.

"రెండు," అంది ఆంటీ. "బయల్దేరే ముందు వాటి అడుగున నీళ్ళున్నాయేమో చూసి పంపించు. ఇక్కడికొచ్చాక నేను మళ్ళీ చూస్తాను."

ఫోన్ పెట్టేసి, ట్యాంకర్లు వచ్చేలోపు దైవాశీర్వాదం గారి బండి లాక్కురావాలి, గొలుసు ఎక్కడుందని స్టాన్‌ని అడుగుతూ బయటికి వెళ్ళిపోయింది.